మైపాడు సముద్రం, పదహారు అంగుళాల్లో: ఒక క్రోషే కుషన్ కవరు కేస్ స్టడీ

ఆర్డరు ఇచ్చినావిడ హైదరాబాదులో ఉంటారు. పుట్టిల్లు నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డునున్న మైపాడు పక్కన ఒక పల్లె. తల్లిగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఏడో అంతస్తు ఫ్లాటులో బాల్కనీ తలుపు పక్కన కుర్చీ వేసుకుని పొద్దుపుచ్చుతారు. ఆ కుర్చీలోకి సముద్రంలా కనబడే కుషన్ కవరు కావాలన్నారు. పదహారు అంగుళాల చదరం, ఇంట్లో రంగు వేసిన నూలు, చేతి అల్లిక. గడువు ఎనిమిది వారాలు. నమూనాగా ఫోనులో పంపిన ఫొటో మాత్రం మాల్దీవులది.

ఆ ఫొటో దగ్గరే ఆగి ఒక ప్రశ్న అడగాల్సింది. అడగలేదు. ఫలితంగా మూడు వారాలు, 300 గ్రాముల నూలు చేతులారా పాడుచేసుకున్నాను. ముందు ఆ సంగతే చెబుతాను.

నూలు, రంగు, తెల్లబడిన బకెట్టు

నూలు ఎంపికలో పెద్ద తర్జనభర్జన లేదు. వీపు కింద రోజంతా నలిగే కవరుకు ఉన్ని వద్దు, మన ఎండలకు అసలే వద్దు. అక్రిలిక్ ఈ రంగులను పట్టుకోదు. మెర్సరైజు చేసిన నాలుగు పోగుల నూలు తీసుకున్నాను, 100 గ్రాములకు సుమారు 160 మీటర్లు వచ్చే లావుది. నూలును బిగలాగి పట్టి కాస్టిక్ సోడాలో నడిపించడాన్ని మెర్సరైజింగ్ అంటారు. దానితో మెరుపు రావడమే కాదు, అంతే రంగు వేసినా మామూలు నూలుకంటే ముదురు ఛాయ వస్తుంది.

రంగులేమో చల్లనీళ్ళ రియాక్టివ్ రకం. 1956లో ఐ.సి.ఐ. అనే బ్రిటిష్ కంపెనీ ప్రోషన్ పేరుతో బజారులోకి తెచ్చినవి ఈ కుటుంబానివే. ఇవి దారం మీద పూతలా కూర్చోవు, దూదిలోని సెల్యులోజుతో రసాయనికంగా ముడిపడతాయి. అందుకు ఉప్పూ సోడా యాషూ (చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేటు) రెండూ ఉండాలి. ఉప్పు రంగును నీళ్ళలోంచి నూలు వైపు తోస్తుంది, సోడా ముడి వేయిస్తుంది. సోడా పడిన నిమిషం నుంచి రంగు నూలుతోపాటు నీళ్ళతోనూ కలిసి చెడిపోవడం మొదలెడుతుంది. అందుకే ఎప్పుడూ ఉప్పు ముందు, సోడా తర్వాత.

ఉప్పు దగ్గర తెలివితేటలు చూపించాను. అల్లూరు మండలం ఇసకపల్లి వైపు ఉప్పు కొఠార్లున్నాయి. అటునుంచి బంధువులు వచ్చినప్పుడల్లా సంచిలో రాళ్ళ ఉప్పు తెచ్చిపెడతారు. సముద్రం రంగు నూలుకు సముద్రం ఒడ్డు ఉప్పే వేద్దామని మురిసిపోయి, రెండు లీటర్ల బోరు నీళ్ళలో 100 గ్రాములు కరిగించాను. అడుగున సన్నటి మట్టి దిగితే వడకట్టాను. టర్కాయిస్ (పచ్చనీలం) రంగు రెండు గ్రాములు, నూలు 100 గ్రాములు వేశాను. అరగంట అయ్యాక 20 గ్రాముల సోడా యాష్ విడిగా వేణ్ణీళ్ళలో కలిపి పోశాను. పోసిన చోట నీళ్ళు పాలు విరిగినట్టు తెల్లబడ్డాయి. కర్రతో కలియదిప్పేసరికి బకెట్టంతా నీలి మజ్జిగ అయింది.

ఆరిన చిలపను (నూలు కట్టను) దులిపితే వేళ్ళకు సున్నంలా అంటింది. చిలప నిండా పెసరగింజంత వెలిసిన మచ్చలు. తప్పు రంగుదా, నీళ్ళదా, ఉప్పుదా? తెల్ల పొర ఉన్న పోగు మీద వెనిగరు చుక్క వేస్తే సన్నగా బుడగలొచ్చి పొర కరిగిపోయింది. అంటే అది కార్బొనేటు. పొర పోయినా కింద మచ్చ మచ్చగానే ఉంది, ఆ చోట రంగు ఎక్కనే లేదు. తర్వాత మూడు గాజు గ్లాసులు తీసుకున్నాను. ఒకదానిలో బోరు నీళ్ళు, ఒకదానిలో క్యాను నీళ్ళలో కలిపిన రాళ్ళ ఉప్పు, ఇంకోదానిలో క్యాను నీళ్ళలో కలిపిన పొడి ఉప్పు. మూడింటిలోనూ చెంచాడు చొప్పున సోడా నీళ్ళు పోశాను. బోరు నీళ్ళు మసకబారాయి. రాళ్ళ ఉప్పు నీళ్ళు తెల్లగా చిక్కబడ్డాయి. మూడో గ్లాసు వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు మాత్రం చక్కగా చదవగలిగాను.

సముద్రపు నీళ్ళు ఎండి ఉప్పు దిగేటప్పుడు దానితోపాటు కొంత మెగ్నీషియం, కాల్షియం లవణాలూ వస్తాయి. వానాకాలంలో రాళ్ళ ఉప్పు జాడీలో చెమర్చేది ముఖ్యంగా ఆ మెగ్నీషియం లవణాల వల్లనే. పప్పుకూ పచ్చడికీ దానితో ఏ ఇబ్బందీ లేదు. సోడా తగిలితే మాత్రం కరగని పొడిగా మారి నూలు మీద కూర్చుంటుంది. బోరు నీళ్ళలోనూ ఆ సరుకే ఉంది. మా ఇంట్లో బకెట్ల అంచున తెల్లగా పేరుకునే గార అదే. రోజూ తోముతున్న గారను రంగు బకెట్టులో గుర్తుపట్టలేకపోయాను.

అప్పటినుంచి రంగుకు ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు, బజారు పొడి ఉప్పు వాడుతున్నాను. తప్పనిసరై బోరు నీళ్ళే వాడితే లీటరుకు గ్రాము సోడియం హెక్సామెటాఫాస్ఫేటు ముందుగా కలుపుతాను. అది కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టి ఉంచుతుంది. ఉతుకులకు బోరు నీళ్ళు సరిపోతాయి, చివరి జాడింపు ఒక్కటి క్యాను నీళ్ళలో పెడతాను.

రెండో దెబ్బ: నురుగు నీలమైంది

శుభ్రమైన నీళ్ళతో రెండోసారి వేసిన టర్కాయిస్ కళకళలాడుతూ వచ్చింది. మూడు చన్నీళ్ళలో జాడించి, నీళ్ళు తేటగా పోతున్నాయని తృప్తిపడి, మధ్యలో నురుగు కోసం రంగు వేయని వరుసలు పెట్టి సగం కవరు అల్లేశాను. కొలతకు సాగదీసి ఆరబెడదామని తడిపి పరుపు మీద పిన్నులు గుచ్చాను. తెల్లారేసరికి నురుగు వరుసలన్నీ లేతనీలం.

ఈ రంగు స్వభావం తెలిసి ఉంటే ఆ పని చేసేదాన్ని కాదు. టర్కాయిస్ రియాక్టివ్ రంగులో ఉండేది రాగి కలిసిన థాలోసయనిన్ అనే పెద్ద అణువు. మిగతా రంగులకంటే నిదానంగా నూలులోకి వెళుతుంది, నిదానంగా ముడిపడుతుంది. ముడిపడకుండా మిగిలిపోయింది బయటికి రావడం కూడా అంతే నిదానం. చన్నీళ్ళు తేటగా కనిపించినంత మాత్రాన లోపల మిగులు లేదని కాదు. దీనికి గోరువెచ్చటి రంగునీళ్ళ స్నానం కావాలి, గంట బదులు రాత్రంతా ఉంచాలి. మరునాడు ముందు చన్నీళ్ళలో ఉప్పూ సోడా పోయేదాకా జాడించి, ఆ తర్వాత చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో నానబెట్టి వంచుతూ పోవాలి. నాకు ఐదో నీళ్ళకు తేట వచ్చింది. అప్పుడు తడి పోగును తెల్లటి పాత పంచె మడతలో పెట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున మడతలో గీత కనబడితే మళ్ళీ వేడినీళ్ళే.

నీలిమందు వాడరాదా, ఒకప్పుడు మన జిల్లాలో పండేదట కదా అని ఆర్డరు ఇచ్చినావిడ అడిగారు. నిజమే, పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరు, కడప జిల్లాల్లో నీలి సాగు ఉండేది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చాక ఆ సాగు చితికిపోయింది. కానీ నీలిమందు దారంతో ముడిపడే రంగు కాదు, దారంలో చిక్కుకుని ఉండే రంగు. రాపిడికి కొద్దికొద్దిగా ఊడుతుంది. మెడ కింద, తెల్లచీర మీద రాసుకునే కుషనుకు అది వద్దన్నాను. ఈ ఒక్క విషయంలో మొదటినుంచీ సరిగ్గానే ఉన్నాను.

"ఇంత నీలం ఎక్కడిదమ్మాయ్?"

నీలం దిగిన ఆ సగం కవరును వీడియో కాల్‌లో చూపించి, గడువు కొంచెం పెంచమని అడగబోయాను. పక్కనే ఉన్న తల్లిగారు ఫోను తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఇది ఏ ఊరి సముద్రమమ్మాయ్?"

"మన మైపాడే పెద్దమ్మా. ఇంకా పూర్తి కాలేదు."

"మైపాడులో ఇంత నీలం ఎక్కడిదమ్మాయ్? నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదే."

కూతురు నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. నెల్లూరులో పుట్టి పెరిగినదాన్ని, పాతిక కిలోమీటర్ల లోపు ఉన్న సముద్రాన్ని ఫోనులో చూసి రంగు వేస్తున్నాను. ఆ వారాంతం మైపాడు బస్సెక్కాను. అక్టోబరు చివరి రోజులు, ముసురు పట్టి ఉంది.

చేతిలో ఒక అట్టముక్క. మూడు వారాల్లో వేసిన ప్రయత్నాల తాలూకు పోగులు ఇరవై నాలుగు వరసగా కట్టి, పక్కన మోతాదులు రాసుకున్నాను. ఒడ్డున నిలబడి అట్టను సముద్రానికి ఎదురుగా పట్టుకుంటే ఒక్క పోగూ కలవలేదు. పొడి పోగుకూ తడి నీటికీ పోలికేమిటని అట్టను ముంచి మళ్ళీ చూశాను. అప్పుడు మూడు పోగులు దగ్గరగా వచ్చాయి. ఆ మూడూ నేను చెడిపోయాయని పక్కన పారేసినవే. నీలంలో పొరపాటున నారింజ ఎక్కువ పడిన పోగు ఒకటి. పసుపు రంగు మిగిలిపోయిన గిన్నెలోనే కలిపిన టర్కాయిస్ ఒకటి. మూడోది బకెట్టు అడుగు రంగు.

ఫోనుతో ఫొటో తీస్తే అందులోనూ సముద్రం నీలంగానే వచ్చింది. కెమెరా తనకు తెలిసిన సముద్రాన్నే దిద్ది ఇస్తుంది. ఫోను సంచిలో వేసి, చూసినదాన్ని మాటల్లో రాసుకున్నాను. దిగంతం దగ్గర పలక రంగు గీత. దాని ఇవతల సీసా గాజు ఆకుపచ్చ. అలలు విరిగే చోట బడ్డీకొట్టు టీ, పాలు తక్కువ పోసినది. నురుగు తెలుపు కాదు, గంజి రంగు. అల వెనక్కి తగ్గిన ఇసుక మీద రెండు క్షణాలు ఉండే గోధుమ మెరుపు. దోసిట్లోకి తీసుకుంటే ఆ నీళ్ళకు రంగే లేదు, నాలుగు ఇసుక రేణువులు తప్ప.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మైపాడుకు ఉత్తరాన ఊటుకూరు దగ్గర పెన్నా సముద్రంలో కలుస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు నది ఒండ్రు మోసుకొస్తుంది. ఆ నెలల్లో తీరం వెంట ప్రవాహం దక్షిణానికి సాగుతుంది కాబట్టి ఒండ్రు మన ఒడ్డు వెంబడే దిగుతుంది. తేటనీరు ఎరుపు కాంతిని మింగేసి నీలంగా కనిపిస్తుంది. అందులో నాచుజీవులు పెరిగితే ఆకుపచ్చ, ఒండ్రు కలిస్తే గోధుమ రంగు తోడవుతాయి. మాల్దీవుల్లో తేట నీళ్ళ కింద తెల్లటి పగడపు ఇసుక ఉంటుంది కనుక అక్కడ ఆ పచ్చనీలం.

మళ్ళీ బకెట్టు దగ్గరికి

ఈసారి మోతాదులు అట్ట మీది మూడు పోగుల నుంచే తీశాను. 100 గ్రాముల నూలుకు లెక్క ఇది: పలక రంగుకు నీలం గ్రామున్నర, నారింజ పావు గ్రాము. సీసా ఆకుపచ్చకు టర్కాయిస్ 0.9 గ్రాము, పసుపు అర గ్రాము, నారింజ 0.2. టీ రంగుకు పసుపు 0.35, నారింజ 0.25, నీలం 0.2. తడి ఇసుకకు నారింజ, నీలం చిటికెడు చొప్పున. నురుగుకు రంగు లేదు, ఉతికిన నూలు సహజ ఛాయ చాలు. పాయింటు లెక్కలు తూచే చిన్న త్రాసు లేకుండా ఈ పని పెట్టుకోకండి.

నీలాన్ని మందగించాలంటే చాలామంది నలుపు కలుపుతారు. నా మాట వింటే వద్దు. ఈ రంగుల్లో నలుపు చాలావరకు రెండు మూడు రంగుల మిశ్రమమే, నూలు మీద ఒక్కో రంగు ఒక్కో వేగంతో ఎక్కి అక్కడక్కడ ఊదా అంచులు తేలుతాయి. ఎదురు రంగును చిటికెడు వేస్తే నీలం చావకుండా మందగిస్తుంది. నీలానికి నారింజ, పచ్చనీలానికి ఎర్ర ఛాయ ఉన్న నారింజ. పొడి తూచేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఫ్యాను ఆపాలి. ఈ పొడి ఊపిరితిత్తులకు పడకపోతే ఇక జన్మలో పడదు. వాడిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

రంగు ఒక్కతీరుగా ఉంటే అల చచ్చిపోతుందని ఆకుపచ్చ చిలపను సగం ముందు, సగం తర్వాత ముంచి, ఒక కొస ముదురుగా, ఒక కొస లేతగా వచ్చేలా చేశాను. ఇక్కడ ఇంకో చిక్కు కాచుకుని ఉంది. రెండు ప్లాస్టిక్ కుర్చీల చుట్టూ చుట్టిన ఆ చిలప చుట్టుకొలత 200 సెంటీమీటర్లు. ఆరు వరుసలు అల్లాక చూస్తే ముదురు భాగాలన్నీ ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చినట్టు చేరి, నీళ్ళ మీద ఎవరో సిరా పారబోసినట్టుంది. ఒక వరుస విప్పి కొలిచాను, నాలుగు మీటర్లకు అటూ ఇటూ పట్టింది. అంటే సరిగ్గా రెండు చుట్లు. ప్రతి వరుసా చిలపలో ఒకే చోట మొదలై అదే చోట ముగుస్తోంది. ముదురు కొసకు అటూ ఇటూ రంగు ఒకేలా లేతబడే చిలప కాబట్టి, తిరుగు వరుసలో కూడా ముదురు మీదకే ముదురు వచ్చి పడుతోంది.

విరుగుడుకు కొత్త రంగు అక్కర్లేదు. నూలును రెండు ఉండలుగా చేసి, రెండేసి వరుసలకు ఉండ మార్చాను, రెండో ఉండను చుట్టులో సగం దూరం నుంచి మొదలుపెట్టాను. మచ్చలు చెదిరిపోయాయి. ఇప్పుడు ఏ చిలపనైనా అద్దకానికి ముందే నమూనా వరుస ఒకటి అల్లి, విప్పి, కొలిచి, ఆ పొడవుకు పొసగని చుట్టుకొలతలో కుర్చీలు జరుపుతాను.

అల్లిక

నాకు కొక్కెం పట్టడం నేర్పింది నరసాపురం వైపు నుంచి మా వీధికి కాపురం వచ్చినావిడ. అక్కడి క్రోషే లేసు పనికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆవిడ సన్నదారంతో అల్లితే సాలెగూడు, నాది లావు నూలుతో మొరటు పని. కుట్లకు ఆవిడ వాడే పేర్లు బ్రిటిష్ పద్ధతివి, ఇప్పుడు వీడియోల్లో వినబడేవి అమెరికా పద్ధతివి. అమెరికా సింగిల్‌ను బ్రిటిష్ వాళ్ళు డబుల్ అంటారు, అమెరికా డబుల్ బ్రిటిష్ వాళ్ళకు ట్రెబుల్. కింద చెప్పినవన్నీ అమెరికా పేర్లు, సింగిల్ అన్నిటికంటే పొట్టి కుట్టు, హాఫ్ డబుల్, డబుల్ దాటి ట్రెబుల్ అన్నిటికంటే పొడుగు. కలగాపులగం చేస్తే అల చదునైపోతుంది.

కొక్కెం 3.5 మిల్లీమీటర్లది. పది సెంటీమీటర్లకు 19 కుట్లు. అలకు 14 కుట్ల ఆవృత్తి: 3 సింగిల్, 2 హాఫ్ డబుల్, 2 డబుల్, 3 ట్రెబుల్, 2 డబుల్, 2 హాఫ్ డబుల్. ఐదు అలలకు 70, చివర జతగా 3 సింగిల్, మొత్తం 73 కుట్లు. వెడల్పు 38 సెంటీమీటర్లు దాటి వస్తుంది. చుట్టూ ఒక సింగిల్ అంచు వేస్తే 39 దాటుతుంది, దిండు 40.6. కవరు దిండుకంటే ఒక సెంటీమీటరైనా చిన్నగా ఉంటేనే బిగువుగా నిలుస్తుంది.

ఇలా రెండు వరుసలు అల్లాక తర్వాతి రెండు వరుసల్లో తిరగేయాలి. పొట్టి కుట్ల మీద పొడుగువి, పొడుగువాటి మీద పొట్టివి. మొదటి రెంటిలో లేచిన గుట్టలను తర్వాతి రెండూ పూడ్చి పైఅంచును సమం చేస్తాయి. అందుకే బట్ట చదరంగానే పెరుగుతుంది, అల లోపల ఉంటుంది. మొత్తం 32 వరుసలు. నూలు అంచుతో కలిపి 90 గ్రాముల లోపే. పలక, ఆకుపచ్చ, టీ, నురుగు, టీ, నురుగు, తడి ఇసుక, పై నుంచి కిందికి ఆ క్రమం. నురుగు దగ్గర ఒక వరుసను కుట్ల వెనక పోగులోనే అల్లాను. ముందు పోగు సన్న గట్టులా పైకి తేలి, అల మెడ వంచినట్టు వచ్చింది.

దిండు తొడిగి చూస్తే ట్రెబుల్ కుట్ల సందుల్లోంచి లోపలి తెల్ల గలేబు చుక్కలు చుక్కలుగా తొంగిచూసింది. ఆకుపచ్చ స్నానం మిగులులో ఒక పాత నూలు గలేబు ముంచాను. అందులో రంగు శక్తి అప్పటికే చాలావరకు అయిపోయింది కనుక బూడిద పచ్చగా వచ్చింది. నాకు కావలసిందీ అదే. వెనకవైపు చేనేత ముతక గుడ్డ, కింది అంచున నాలుగు కొబ్బరిచిప్ప గుండీలు.

మొత్తం 43 గంటలు పట్టింది, అందులో అల్లిక 16 మాత్రమే. తీసుకున్నది 2,800 రూపాయలు, పాడైన నూలు ఖర్చు నేనే భరించాను. ఇకమీదట రంగు నమూనా పోగులకు విడిగా 300 అడగాలని నిర్ణయించుకున్నాను.

గడువు చివరి వారంలో పార్సిలు చేరింది. కూతురు ఫొటో పంపారు. పెద్దమ్మ కుర్చీలో కూర్చున్నారు, కుషను వీపు వెనక కాదు, ఒళ్ళో ఉంది. ఇసుక పైన, పలక రంగు కింద. తిరగబడిందేమో చూడండని ఫోను చేశాను. తల్లిగారే అందుకున్నారు.

"తిరగబళ్ళేదమ్మాయ్, నేనే అలా పెట్టుకున్నాను. చిన్నప్పుడు మా నాన్న పడవలో ఎక్కించుకు వెళ్ళి వెనక్కి వచ్చేటప్పుడు ఒడ్డు ఇలాగే కనబడేది. నీళ్ళన్నీ ఇటు, ఇసుక అటు."

"మరి గుండీలు పైకి వచ్చాయి కదా పెద్దమ్మా, గుచ్చుకోవడం లేదా?"

"గుచ్చుకుంటున్నాయి."

మరుసటి ఆర్డరు నుంచి గుండీలు పక్క అంచున కుడుతున్నాను.